రెండోసారి

గురువారం నాలుగింటికి
ఫైర్ స్టేషన్ షెడ్డులో మేం కలుస్తాం.
ఎర్ర బండిని వీధిలో నిలబెట్టి
ఆ ఖాళీలో కుర్చీలు వేస్తారు కుర్రాళ్లు.
తడి గొట్టాల వాసన, డీజిల్ వాసన,
తలుపు సందులోంచి చారెడు సముద్రం.

వాల్పరైసోలో ఎటు చూసినా మెట్లే.
పక్షవాతం వచ్చేదాకా
ఎవరూ వాటిని లెక్కపెట్టరు.
మా ఇంటికి నూట పద్నాలుగు.
అందులో పదకొండు విరిగినవి,
వాటిని ఇప్పుడు పేరుపేరునా ఎరుగుదును.

ముప్పై ఒక్క ఏళ్లు
ఏటవాలు పట్టాల మీద కొండ లిఫ్టు నడిపాను.
రెండు పెట్టెలు, ఒకటే తాడు.
ఒకటి దిగితేనే రెండోది ఎక్కేది.
జనం ఎక్కే పెట్టెనే చూస్తారు.
నాకు ఒళ్లు తుడిచి, గుండీలు పెట్టి,
నూట పద్నాలుగు మెట్లూ దింపి తెచ్చిన చెల్లెలు ఓర్తెన్సియా
నడుం పట్టుకుని కుర్చీలో కూలబడితే
ఆ దిగే పెట్టె గుర్తొస్తుంది.
పైకి అనను. అంటే కసురుతుంది.

మాట పడిపోయింది అంటారు కదా,
నిబాల్దోకి నిజంగానే పడిపోయింది
చేపల రేవులో, తెల్లవారుజామున,
వేలం పాట మధ్యలో,
మంచుముక్కల మీద.
వెతుక్కుంటే అంకెలు మాత్రం దొరికాయి.
ఆకలేస్తే పద్నాలుగు.
కోపమొస్తే మూడువేల ఐదొందలు.
భార్య ఎదువిహిస్‌ని పిలవాలంటే
ఏ అర్ధరాత్రైనా, "ఏడు."
పెళ్లి తేదీ కాదు, ఇంటి నంబరు కాదు,
ఎందుకు ఏడో ఆమెకీ తెలీదు.
"పిలిచాడుగా, పలుకుతాను" అంటుంది.

ఇక్కడ మేం చేసే ఘనకార్యాలేం లేవు.
మాటలు నేర్పే డాక్టరమ్మ నెలకోసారి వస్తుంది,
బస్సు దొరికితే.
మిగతా వారాలు రొట్టె, జామ్.
నాకు కుడి చెయ్యి మిగిలింది, ఫ్రెసియాకి ఎడమది.
ఆమె సీసా పట్టుకుంటే నేను మూత తిప్పుతాను.
మొదటిసారి ఇద్దరం చెరోవైపు తిప్పి
అనాక్లేతో చొక్కా నిండా రేగు జామ్ పూశాం.
ఆ రోజు అతను నవ్విన నవ్వు
సగం మొహంలోనే పట్టింది, చాలింది.

పోయిన గురువారం
పింఛను కాగితాల గురించి చెబుతూ చెబుతూ
వాక్యం మధ్యలో నిద్రపోయింది ఎదువిహిస్.
నోరు కాస్త తెరిచి, ఒక బూటు జారి.
మేజోడు మడమకి వేరే రంగు దారంతో కుట్టు.
చేతిలోని కప్పు నేను అందుకున్నాను,
సాసరు ఫ్రెసియా.
కోటు కప్పడానికి మాకు నాలుగు నిమిషాలు.
కెటిల్ ఈల వెయ్యబోతోందని
అనాక్లేతో వాకర్ని నేలకి తగలనివ్వకుండా
స్టవ్ దాకా మూడు గజాల యాత్ర చేశాడు.

ఐదున్నరకి ఫైర్ కుర్రాడు తొంగిచూశాడు.
"బండి లోపల..." అన్నాడు, మామూలు గొంతుతోనే.

నిబాల్దో లేచి నిలబడ్డాడు.
పనిచేసే చెయ్యి పైకెత్తాడు.
ఆ ఎత్తడం మాకు తెలీదు,
రేవుకి తెలుసు.
"ఒకటోసారి" అన్నాడు, గుసగుసగా.
ఒక్కొక్క మొహమే చూశాడు,
ఎవరైనా ఎక్కువ పాడతారేమోనని.
"రెండోసారి."
తర్వాత కూర్చున్నాడు,
ఆ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని.

మూడోసారి రాలేదు.
బండి వీధిలోనే ఉండిపోయింది.
దాని వెనక చిక్కుకున్న టాక్సీవాడు
హారన్ కొట్టబోయి, లోపలికి చూసి,
ఏమనుకున్నాడో, ఇంజన్ ఆపేశాడు.
కొండల మీద ఇళ్లలో దీపాలు వెలిగాయి.

ఆమే లేచింది, ఉలిక్కిపడి.
"అయ్యో, టైమెంతైంది?"
"ఏడు" అన్నాడు నిబాల్దో.

గోడ గడియారంలో ఆరుంబావు.
ఎవ్వరం సరిదిద్దలేదు.